బుజ్జి తల్లి కట్టిన చిన్న మూట

బుజ్జి తల్లి గడప దాటిందంటే సగం ఇల్లు ఆమె వెంట బయల్దేరుతుంది. కూతురు బుజ్జిని వీధి చివరి దుకాణం దాకా ఎత్తుకెళ్ళాలన్నా భుజాన పెద్ద సంచి వేలాడాల్సిందే. అందులో మూడు జతల బట్టలు, తువ్వాలు, నీళ్ళ సీసా, జ్వరం మందు, థర్మామీటరు, అది మొరాయిస్తే ఇంకో థర్మామీటరు, ఎండ మండిపోతున్నా సరే ఒక స్వెట్టరు. "ఎందుకైనా మంచిది" అన్నది ఆమె ఊతపదం. సిటీ బస్సు నడిపే ఆమె భర్త ఆ సంచిని ఎత్తబోయి, నడుం పట్టుకుని, "ఏమోయ్, దీనికి విడిగా టికెట్ కొట్టించాలి" అని ఏడిపిస్తుంటాడు.

అలాంటి మనిషి ఒక మూట విప్పి, అందులో సామాను ఒక్కొక్కటే తీసి అవతల పెట్టి, "ఇంత చాలు, ఇక పట్టుకెళ్ళండి" అని ఊరూపేరూ తెలియనివాళ్ళకు కూడా ఇచ్చిందంటే, ముందు ఆమె ఇంట్లోవాళ్ళే నమ్మలేదు.

అసలు ఈ సంగతంతా ఒక గుడ్డు ముక్కతో మొదలైంది. బుజ్జికి అప్పటికి పళ్ళు సరిగా రాలేదు. నానమ్మ ముద్దుగా ఉడికిన గుడ్డు చిన్న ముక్క నోట్లో పెట్టింది. చూస్తుండగానే పిల్ల పెదాలు ఉబ్బాయి, కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి ఈల వేసినట్టు రాసాగింది. ఆసుపత్రి దాకా ఎలా పరిగెత్తారో ఎవరికీ గుర్తు లేదు. గండం గడిచింది. డాక్టరమ్మ మాత్రం ఖచ్చితంగా చెప్పింది: ఈ పిల్లకు గుడ్డు పడదు, వాసన కూడా చూపించకండి. ఆ రోజునుంచే బుజ్జి తల్లి సంచి బరువెక్కింది. రాత్రి పిల్ల తుమ్మినా లేచి కూర్చునేది.

ఆ పిల్లను క్రెష్‌లో వదలాలంటే ఆమెకు ప్రాణం ఒప్పలేదు. చివరికి తాను కూడా అక్కడే పనికి చేరింది. పొద్దున పూట పిల్లల బట్టలు మడతపెట్టడం, పక్కలు సర్దడం, వీటితోపాటు మూలన ఉన్న చిన్న కంప్యూటరు బాగోగులు చూడటం ఆమె పని. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ కోర్సు సగం దాకా చదివింది. బుజ్జి కడుపున పడ్డాక వాంతులతో మంచం దిగలేకపోయింది, చదువు అటకెక్కింది. నేర్చుకున్న సగం మాత్రం చేతి వేళ్ళలో అలాగే ఉండిపోయింది.

ఆ కంప్యూటరు పాతది. ఎవరో పిల్లాడి తండ్రి తన ఆఫీసులో తీసేస్తుంటే తెచ్చి ఇచ్చాడు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, దాని మీద దుమ్ము పడకుండా అక్కడి పాత ఆయమ్మ ఒక చేతిరుమాలు కప్పుతుంది. క్రెష్ ప్రోగ్రాం దానిలోనే నడుస్తుంది. ఏ పిల్ల ఎప్పుడు పాలు తాగింది, ఎంతసేపు పడుకుంది, ఒళ్ళు వెచ్చబడిందా, అన్నీ ఆయాలు టాబ్లెట్ మీద నొక్కుతారు, తల్లులు తమ ఫోన్లలో చూసుకుంటారు. ఆ ప్రోగ్రాంను ఎవరో తయారుచేసి, కావలసినవాళ్ళు తమ సొంత కంప్యూటర్లలో పెట్టుకోండని ఊరికే ఇస్తున్నారు. పిల్లల సంగతులు క్రెష్ గోడలు దాటి బయటికి పోవు. క్రెష్ చూసుకునే పెద్ద టీచరుకు నచ్చింది అదే.

ఆ క్రెష్‌లో పెద్ద టీచరు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ముందు నొక్కు, తర్వాత పెట్టు. అంటే, ఏ ఆయా అయినా పిల్ల ముందు పళ్ళెం పెట్టేముందు టాబ్లెట్‌లో ఆ పిల్ల ఫొటో నొక్కాలి, పెట్టబోయే పదార్థం నొక్కాలి, ఆ తర్వాతే పళ్ళెం కదలాలి. "తర్వాత రాస్తాలే అనుకుంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదమ్మా" అనేది ఆవిడ. ఆయాలందరికీ అది అలవాటైపోయింది.

ఇంత కట్టుబాటున్నా బుజ్జి తల్లికి ఒక బెంగ. ఫలానా పిల్లకు ఫలానాది పడదన్న మాట ప్రోగ్రాంలో ఎక్కడో అడుగున, వెతికితే తప్ప కనిపించని చోట ఉండేది. పాత ఆయమ్మకు అందరి సంగతీ నోటికొచ్చు. కానీ ఆయమ్మకు ఒంట్లో బాగోలేని రోజున? కొత్త మనిషి వచ్చిన రోజున?

ఒక పొద్దున ఆమె ప్రోగ్రాం వాళ్ళ పేజీ చూస్తూ ఉలిక్కిపడి కుర్చీ ముందుకు లాక్కుంది. కొత్త వెర్షన్ వచ్చింది. పడని పదార్థాన్ని నొక్కగానే తెర నిండా ఎర్ర పట్టీ వస్తుందట, పెద్దవాళ్ళు చదివి ఒప్పుకునేదాకా కదలదట.

"టీచర్! ఇది మన బుజ్జి కోసమే చేసినట్టుంది!"

"అయితే ఇంకేం, వేసెయ్ మరి" అంది పెద్ద టీచరు.

పడితే కదా. సగం దిగాక ఆగిపోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ ఆగింది. చివరికి జాగా లేదని తెర మీద ఒక్క ముక్క రాసి ఊరుకుంది కంప్యూటరు.

ఇలాంటి ప్రోగ్రాంలు విడిగా రావు. తమకు కావలసిన సరంజామా అంతా కలిపి ఒకే మూటగా కట్టుకుని వస్తాయి. ఆ మూటను ఈ పని తెలిసినవాళ్ళు కంటైనర్ ఇమేజ్ అంటారు. మూట దించి విప్పితే చాలు, ఎక్కడైనా ఒకేలా నడుస్తుంది. సుఖమే. కానీ కొత్త వెర్షన్ మూట మరీ భారీగా ఉంది, పాత డబ్బాలో పట్టదు.

"కొత్త కంప్యూటరు కావాలని పైవాళ్ళకు రాస్తాను. వాళ్ళు కదిలేసరికి బుజ్జి బడికి వెళ్ళిపోతుందేమో!" అని నిట్టూర్చింది పెద్ద టీచరు.

బుజ్జి తల్లికి అన్నం సయించలేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, పిల్ల పడుకున్నాక, భర్త వాడి పక్కన పడేసిన పాత లాప్‌టాప్‌లో ఆ మూట విప్పింది, అంత బరువు ఏముందో చూద్దామని. చూసి ముక్కున వేలేసుకుంది. ప్రోగ్రాంను తయారుచేసేటప్పుడు మాత్రమే అవసరమైన పనిముట్లన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరూ చదవని వివరాల పుస్తకాలు, సరిగ్గా నడుస్తుందో లేదో చూడటానికి వాడిన ఉత్తుత్తి ఫొటోలు, ఏనాడూ పిలవని చిన్న చిన్న ప్రోగ్రాంలు బోలెడు.

డ్యూటీ దిగి వచ్చిన భర్త భుజం మీదుగా తొంగి చూశాడు. "ఏమిటంత తీక్షణంగా?"

"చూడండి, భోజనానికి పిలిస్తే పొయ్యి, రోలు, కట్టెలు కూడా నెత్తిన పెట్టుకుని వచ్చినట్టుంది."

"నీ సంచి కూడా అంతేగా" అన్నాడాయన చల్లగా.

ఆమెకు ఉక్రోషం వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. అత్తగారు వంటింట్లోంచి, "వాడి మాటకేం గానీ, పిల్లకు పనికొచ్చేదైతే చెయ్యమ్మాయ్, దాన్ని నేను చూసుకుంటా" అంది. గుడ్డు ముక్క పెట్టిన ఆ రోజు నుంచి ఆవిడ ఆ మాట చెప్పని రోజు లేదు.

ఆమె పని మొదలుపెట్టింది. వండే చోటు ఒకటి, వడ్డించే చోటు ఇంకొకటి అనుకుంది. మొదటి చోట పనిముట్లన్నీ ఉంచి ప్రోగ్రాంను తయారుచేసింది. తయారైనదాన్ని మాత్రం తీసుకెళ్ళి, దాదాపు ఖాళీగా ఉన్న రెండో చోట పెట్టింది. మూట అడుగున వేసే గుడ్డ, అంటే ప్రోగ్రాం కింద ఆధారంగా ఉండే మూల సరంజామా కూడా పలచటిది ఎంచుకుంది. ఒక్కోటి తీసేముందు ఒకటికి రెండుసార్లు చూసుకునేది. సంచిలోంచి స్వెట్టరు తీసి ఇంట్లో వదిలి వెళ్తున్నట్టు గుండెలో పీకేది. తీసి, నడిపి చూసి, మళ్ళీ తీసేది. నడవకపోతే పెట్టేసేది. చాలా మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. చివరికి మూట పదో వంతుకు వచ్చింది. ఎర్ర పట్టీ టంచనుగా వస్తోంది. బుజ్జి పేరు మీద పదేపదే గుడ్డు నొక్కి చూసుకుంది.

పాతదానికి ఒక నకలు జాగ్రత్తగా దాచి, కొత్తదాన్ని క్రెష్ డబ్బాలో వేసింది. గుటుక్కున మింగినట్టు దిగిపోయింది. పెద్ద టీచరు చప్పట్లు కొట్టింది. ఆయమ్మ డబ్బా మీద చేతిరుమాలు తీసి, ఉతికినది కప్పింది.

ఆ సంబరం మధ్యాహ్నం దాకా నిలిచింది.

ముందు ఒక తల్లి ఫోను చేసింది. "టీచర్, మా వాడు పాలు తాగింది తెల్లవారుజామునని చూపిస్తోందేంటి? ఆ టైముకి వాడు నా పక్కలో నన్ను తంతూ పడుకున్నాడండీ!"

ఫోను పెట్టేలోపు ఇంకొకామె. "మా అమ్మాయికి మీరు చీకటితోనే స్నానం చేయించారా? మేం ఇంకా ఇల్లే కదల్లేదు కదా!"

మూడో తల్లి నేరుగా గుమ్మంలోకే వచ్చేసింది. పిల్లాడికి జ్వరం మందు ఉదయం వేశారో, ఇప్పుడే వేశారో తెలియక హడలిపోయి వచ్చింది. మళ్ళీ వేయాల్సిన వేళ ఎప్పుడని ఆయమ్మను పట్టుకుని అడిగింది. ఆ భయం ఎలాంటిదో బుజ్జి తల్లికి వేరే చెప్పాలా?

ఆయమ్మ మందు వేసిన వేళ నోటితో చెప్పి ఆ తల్లిని కుదుటపరిచింది. బుజ్జి తల్లి ఒక్క క్షణం కూడా వాదించలేదు. దాచిన పాతదాన్ని తిరిగి వేసింది. వేళలన్నీ మళ్ళీ సరిగ్గా కనిపించాయి. లెక్కలేమీ చెడలేదు, చూపించడమే తప్పింది.

అప్పుడు కూర్చుని వెతికితే దొరికింది దొంగ. ఏ ప్రాంతంలో గడియారం ఎంత ముందో, ఎంత వెనకో చెప్పే పట్టిక ఒకటుంటుంది. పలచటి గుడ్డ ఎంచుకున్నప్పుడు అది రాలేదు. అది లేకపోయేసరికి ప్రోగ్రాం లోకానికంతా ఉమ్మడిగా ఉండే గడియారాన్ని పట్టుకుని, మధ్యాహ్నాన్ని తెల్లవారుజామని చెప్పింది. ఎర్ర పట్టీ మీదే కళ్ళు పెట్టుకున్న ఆమె, పక్కనే ఉన్న గడియారం వైపు చూడనే లేదు.

సాయంత్రం సంగతి విని భర్త పగలబడి నవ్వాడు. "రెండు థర్మామీటర్లు పెట్టుకునే మనిషివి, గడియారం వదిలేసి వెళ్ళావా!"

"నవ్వండి, నవ్వండి. ఆ తల్లి మొహం చూసుంటే నవ్వేవారు కాదు."

ఆయన నవ్వు ఆపేశాడు. "మరి ఆ పట్టిక బరువెంత?" అన్నాడు.

"ఏముంది, చిటికెడు."

"అయితే పెట్టేసెయ్. పనికొచ్చే బరువు బరువు కాదు."

పెట్టేసింది. అంతటితో ఊరుకోలేదు. ఒక చిన్న పరీక్ష కూడా రాసింది. ప్రోగ్రాం తయారైన ప్రతిసారీ ఒక ఉత్తుత్తి పాప అందులో పుడుతుంది, మిట్టమధ్యాహ్నం పాలు తాగుతుంది. తెర మీద మిట్టమధ్యాహ్నమనే కనిపించాలి. తర్వాత ఆ పాపకు పడనిది పెట్టబోతారు, ఎర్ర పట్టీ రావాలి. రెండింటిలో ఏది తప్పినా మూట గడప దాటదు.

అత్తగారు తెర మీద ఆ ఉత్తుత్తి పాప పేరు చూసి, "ఎవరి పిల్లే ఇది? తెగ తాగుతోంది పాలు" అంది.

"మన పిల్లే అత్తయ్యా. పెరగదు, ఏడవదు."

"బంగారు తల్లి. అలాంటిదాన్ని ఇంకోదాన్ని కనరాదూ?"

సరిచేసిన మూట వేశాక ఈసారి క్రెష్‌లో అన్నీ సరిగ్గా నడిచాయి. ఫోన్లు రాలేదు. పని అయిపోయినట్టే. కానీ ఆమె మనసులో ఇంకో ముల్లు మెదిలింది. రేపు ఇంకో వెర్షన్ వస్తుంది, మళ్ళీ ఆ భారీ మూటే వస్తుంది. తనకు ఒంట్లో బాగోలేకపోతే? తాను ఈ పని మానేయాల్సి వస్తే? బుజ్జికి కాపలా కాసే ఎర్ర పట్టీ తన ఒక్కదాని లాప్‌టాప్ మీద ఆధారపడి ఉండటం ఆమెకు నచ్చలేదు. అసలు తయారుచేసినవాళ్ళే పెద్ద మూట పక్కన చిన్న మూట కూడా ఇస్తేనే దానికి భద్రత. పైగా, ఇలాంటి డబ్బాలతో నెట్టుకొచ్చే క్రెష్‌లు ఇంకెన్ని ఉన్నాయో!

ప్రోగ్రాంను తయారుచేసినాయన పేరు ఎవరికీ తెలియదు. పేజీలో ఆయన ఫొటో ఉండాల్సిన చోట నిద్రపోతున్న పిల్లి బొమ్మ ఉంటుంది. అందుకే ఇంట్లో ఆయన్ను పిల్లి బొమ్మాయన అనుకునేవాళ్ళు. ఆయనకు ఆమె తాను చేసిన మార్పులన్నీ పంపి, కింద నాలుగు ముక్కలు రాసింది. రాసింది నాలుగు ముక్కలే, కొట్టేసినవి నలభై. గడియారం సంగతి దాచలేదు: "ఒకసారి తొందరపడి ప్రాంతాల పట్టిక తీసేశాను. తల్లులు భయపడ్డారు. తిరిగి పెట్టి, దానికో పరీక్ష రాశాను."

పంపాక పొద్దస్తమానం ఫోను చూడటమే పని అయింది. బియ్యంలో రాళ్ళేరుతూ చూసేది, పిల్లకు తల దువ్వుతూ చూసేది.

జవాబు వచ్చింది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ చదివింది.

"ఏమన్నాడు పిల్లి?" అన్నాడు భర్త.

ఆమె చదివి వినిపించింది. "పని చాలా శుభ్రంగా ఉంది. గడియారం దగ్గర నేనూ ఒకప్పుడు ఇలాగే బోర్లా పడ్డాను, మీరు పరీక్ష రాసి మంచిపని చేశారు. ఒక్కటే అడుగుతాను. రెండు మూటలు ఇస్తే ప్రతి వెర్షన్‌కూ రెండూ కట్టి, రెండూ చూడాలి. నేను ఒక్కణ్ణి. ఇంతకుముందు కొందరు మంచి మంచివి ఇచ్చి, తర్వాత కనిపించకుండా పోయారు. వాటిని నమ్ముకున్నవాళ్ళు ఇబ్బంది పడ్డారు. ఈ చిన్న మూటను ఎవరు చూసుకుంటారు? మీరు చూసుకుంటారా?"

"బాగానే అడిగాడుగా. చూసుకుంటానని రాసెయ్."

"మీకేం, చెప్తారు! నేనెవర్ని? చదువు సగంలో వదిలేసినదాన్ని. వాళ్ళు పెద్ద పెద్దవాళ్ళు. ఎవరో ఎక్కడో నా మూట వేసుకుంటే, అందులో ఏదో తప్పుంటే, వాళ్ళ పిల్లలకి..."

ఆయన లాప్‌టాప్ పక్కకు జరిపి ఎదురుగా కూర్చున్నాడు. "నేను బస్సు ఎక్కేముందు ఏం చేస్తాను?"

"టైర్లు తంతారు."

"రోజూ తంతాను. నిన్న బాగున్నాయి కదా అని వదలను. డిపోలో అందరూ వెటకారం చేస్తారు, పిరికివాడినని. ఆ బస్సులో నువ్వూ పిల్లా ఎక్కుతారని చెప్పను వాళ్ళకి. నువ్వు గుడ్డు ఎన్నిసార్లు నొక్కి చూశావు?"

"లెక్క పెట్టుకోలేదు."

"ఆ పిల్లి బొమ్మాయనకి కావల్సింది అలా నొక్కే మనిషే. డిగ్రీ అడగలేదు ఆయన, నువ్వే అడుగుతున్నావు."

బుజ్జి నిద్ర లేచి, తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి తల్లి మోకాళ్ళు పట్టుకుంది. ఆమె పిల్లను ఒడిలోకి తీసుకుని, ఒంటిచేత్తో జవాబు రాసింది: "నేను చూసుకుంటాను. ప్రతి వెర్షన్‌నూ ముందు నా కూతురు ఉండే క్రెష్‌లో వేస్తాను. అక్కడ సరిగ్గా నడిచాకే మీకు చెప్తాను." ఈసారి ఒక్క ముక్క కూడా కొట్టేయలేదు.

తర్వాతి వెర్షన్ ప్రకటనలో పెద్ద మూట కింద ఇంకో వరుస చేరింది. చిన్న కంప్యూటర్లు ఉన్నవాళ్ళకు చిన్న ఇమేజ్. దాన్ని చూసుకునేవారు: బుజ్జి తల్లి. ఆ పేరే పెట్టమని ఆమె అడిగింది. అత్తగారు కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ వరుసను వేలితో తడిమి, "మా ఇంటి పిల్ల పేరుతోపాటు నువ్వూ చేరావిక్కడ" అని కోడలితో చెప్పి, పక్కింటావిడను పిలిచి మరీ చూపించింది. పక్కింటావిడకు ఏమీ అర్థం కాలేదు. అయినా, "అబ్బో" అంది. బస్సు డ్రైవరు డిపోలో ఏం చెప్పాడో గానీ, ఆ సాయంత్రం కండక్టరు ఫోను చేసి, "వదినా, మా ఫోన్లో కూడా జాగా లేదు, కాస్త చిన్నది చేసి పెడతావా?" అని అడిగాడు.

కొన్నాళ్ళకు ఎక్కడో కొండల మధ్య క్రెష్ నడిపే ఒకామె ఆ వరుస కింద రాసింది. వాళ్ళ ఇంటర్నెట్ చుక్కలు చుక్కలుగా వస్తుందట, పెద్ద మూట ఎన్నడూ పూర్తిగా దిగలేదట. చిన్నది దిగిందట. బుజ్జి తల్లి ఆ నాలుగు వాక్యాలు ఎన్నిసార్లు చదివిందో! చదివాక ఉత్తుత్తి పాపతో ఇంకోసారి పాలు తాగించి చూసింది, ఎందుకైనా మంచిదని.

ఒక మధ్యాహ్నం ఆయమ్మ సెలవు పెట్టింది. ఆమె బదులు కొత్తామె వచ్చింది. పిల్లల పేర్లు కూడా ఇంకా తెలియవు. ఆ రోజు పళ్ళేల్లో అన్నంతోపాటు ఉడికిన గుడ్డు ముక్కలున్నాయి. బుజ్జి తల్లి బట్టలు మడతపెడుతూ గుమ్మం దగ్గర ఉంది. కొత్తామె పళ్ళెం ఎడమచేత్తో పట్టుకుని బుజ్జి వైపు నడవడం చూసింది. బుజ్జి తల్లి ఒక అడుగు ముందుకు వేసింది. కొత్తామె ఆగింది. పొద్దున పెద్ద టీచరు చెప్పిన కట్టుబాటు గుర్తొచ్చి టాబ్లెట్ దగ్గరికి వెళ్ళింది. బుజ్జి ఫొటో నొక్కింది. అన్నం నొక్కింది. గుడ్డు నొక్కింది.

తెర ఎర్రబడింది. ఆ ఎరుపు కొత్తామె మొహం మీద కూడా పడింది.

"అమ్మో!" అని ఆమె పళ్ళెం పైకి ఎత్తేసింది. "టీచర్, ఈ పాపకి గుడ్డు పెట్టకూడదంట! ఈ ఎర్ర పట్టీ ఎవరు పెట్టించారో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలి."

పెద్ద టీచరు చేతిలో పని వదిలేసి వచ్చింది. "పెట్టించింది ఎక్కడివాళ్ళో. అది మన డబ్బాలో పట్టేలా మూట కట్టింది మాత్రం మన మనిషి. అదిగో, గుమ్మం దగ్గర నిలబడింది చూడు. ఇప్పుడు ఎక్కడెక్కడి క్రెష్‌లూ ఆమె కట్టిన మూటే వేసుకుంటున్నాయి."

కొత్తామె అటు తిరిగి చూసింది. బుజ్జి తల్లి చేతిలో సగం మడిచిన చిన్న గౌను అలాగే ఉంది. వీపు తనంతట తానే నిటారుగా అయింది. ఈలోగా వచ్చిన గుడ్డు లేని పళ్ళెం ముందు బుజ్జి కూర్చుని, మెతుకులు చెంపలకు పూసుకుంటూ తల్లిని చూసి నవ్వింది.

అప్పుడు బుజ్జి తల్లి గౌను పక్కన పెట్టి కొత్తామెతో అంది:

"ఇంకొక్కసారి నొక్కమ్మా. చూస్తాను."